ద బాయ్స్ విచారణ సీన్‌లా తల పేలే షాట్: ఒక ఫోను, రెండు పిచికారీలు, మూడు లీటర్ల దొంగ రక్తం

సూపర్‌హీరోల మీద వ్యంగ్యంగా తీసిన అమెరికన్ సిరీస్ ‘ద బాయ్స్’ చూసి షార్ట్ ఫిల్మ్ తీద్దామని కూర్చున్న కుర్రాళ్లు ముందుగా అడిగేది ఒకటే: రెండో సీజన్ ఏడో ఎపిసోడ్‌లో ఆ విచారణ సీన్ మనవల్ల అవుతుందా? అవుతుంది. మన ఒడిశాలో బరంపురంలో అయినా, గుణుపురంలో అయినా, ఒక ఫోను, కదలని స్టాండు, హోలీ పిచికారీలు రెండు, కిరాణా సరుకు కొంత ఉంటే సరిపోతుంది. కాకపోతే తల పేలడం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా దాని ముందు అరనిమిషం మీద, తర్వాతి అరనిమిషం మీద పెట్టాలి. లేదంటే టమాటా చితికినట్టు ఉంటుంది, చూసినవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు.

ఆ సీజన్ ఇంకా చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. 2020 అక్టోబరు 2న వచ్చిన ఆ ఎపిసోడ్‌లో సూపర్‌హీరోలను తయారుచేసి నడిపించే వాట్ (Vought) కంపెనీ మీద అమెరికా కాంగ్రెస్ విచారణ జరుగుతుంటుంది. ఆ కంపెనీ సూపర్‌హీరోల్లో అందరికంటే బలవంతుడైన హోమ్‌లాండర్‌ని పెంచి పెద్దచేసిన శాస్త్రవేత్త వోగెల్‌బామ్ సాక్షిగా వస్తాడు. అసలు విషయం చెప్పేలోపే అతని తల పేలిపోతుంది. ఆ వెంటనే గదిలో ఇంకొందరివి. చేసిందెవరో ఆ సీజన్ చివరి ఎపిసోడ్‌లో గానీ బయటపడదు: కంపెనీ మీద అందరికంటే గట్టిగా మాట్లాడే కాంగ్రెస్ సభ్యురాలు విక్టోరియా న్యూమన్. ఆకాశంలో ఎగిరేవాళ్లు, కళ్లతో కాల్చేవాళ్లు ఉన్న సిరీస్‌లో ఈ సీన్‌కి ఎవరూ ఎగరాల్సిన పనే లేదు. ఫైళ్లు, మైకులు, నీళ్ల సీసాలు, సూటు వేసుకున్న మనుషులు, అంతే. చేతిలో డబ్బు లేనివాళ్లు ఈ సీన్ ఎంచుకోవడం తెలివైన పనే.

వాళ్లు కెనడాలోని టొరంటోలో పెద్ద సిబ్బందితో, కంప్యూటర్ గ్రాఫిక్స్ కలిపి తీసిన సిరీస్ అది. దాన్ని మక్కీకి మక్కీ దించాలని చూడొద్దు. సీను నడక మాత్రం పట్టుకోవాలి. విసుగు పుట్టించే ఆఫీసు వ్యవహారం నడుస్తుండాలి, ఒక మనిషి నిజం చెప్పబోవాలి, మాట మధ్యలో తెగిపోవాలి, తర్వాత కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాకూడదు.

గది

మన దగ్గర ఈ సీన్‌కి సరిపోయే చోటు ఏ పెళ్లి మండపం వెనకగదో, ట్యూషన్ సెంటరో. టెంట్‌హౌస్‌లో పొడవాటి బల్లలు రెండు, పచ్చగుడ్డ, ప్లాస్టిక్ కుర్చీలకు తెల్ల కవర్లు, ఒక మైకు స్టాండు అద్దెకు దొరుకుతాయి. బల్ల మీద స్టీలు గ్లాసులు, వాటి మీద మూతలు, సగం తాగిన నీళ్ల సీసా, ట్యాగు కట్టిన ఫైళ్లు పెట్టండి. గోడకి కట్టే బ్యానరు ఒడియాలో ఉంటే, మాట్లాడేవాళ్లు సగం తెలుగు సగం ఒడియా మాట్లాడితే, ఈ ఊళ్లవాళ్లకి నమ్మకం దానంతటదే వస్తుంది. కలెక్టరు ఫిర్యాదులు వినే రోజు గది ఎలా ఉంటుందో చూసినవాళ్లే చూసేవాళ్లు కూడా. కంపెనీ పేరు, పదవుల పేర్లు కల్పించండి. నిజం శాఖ ముద్ర, నిజం పార్టీ రంగు గానీ కనపడ్డాయంటే సీను గురించి కాక దాని గురించే మాట్లాడతారు.

సూపర్‌హీరో కనపడాలంటే ఒక్కడు చాలు. వరుసలో ఒక మూల కూర్చుని, ఛాతీ మీద సిమెంటు బస్తా ప్రకటన కుట్టించుకున్న కేపుతో, ఫోన్ చూసుకుంటూ. వ్యంగ్యం అక్కడే పండుతుంది.

పేలే మనిషి వెనకాల గోడకి లేతరంగు ఉండాలి. ముదురు గోడ మీద రక్తం పడితే తడి కనిపిస్తుంది తప్ప ఎరుపు కనిపించదు. అద్దె గది గోడకి నేరుగా కొట్టొద్దు. తెల్ల ఫ్లెక్సు వెనకవైపు తిప్పి గోడకి బిగించండి, తర్వాత కడిగేసుకోవచ్చు.

రక్తం

ఇంగ్లిష్ వీడియోల్లో కార్న్ సిరప్ పోయమంటారు. ఆ సీసా కోసం విశాఖ దాకా వెళ్లక్కర్లేదు. పంచదార, మొక్కజొన్న పిండి చాలు. ఒక లీటరుకి లెక్క ఇది: నీళ్లు 500 మిల్లీలీటర్లు, మొక్కజొన్న పిండి 20 గ్రాములు (రెండు పెద్ద చెంచాలు), పంచదార 800 గ్రాములు, కోకో పొడి ఒక పెద్ద చెంచా, తినే ఎర్రరంగు పొడి అర చిన్న చెంచా, నీలం రంగు రెండు మూడు చుక్కలు.

వరుస ముఖ్యం. ముందు పిండిని చన్నీళ్లలో కలిపి పొయ్యి మీద పెట్టి, తెల్లదనం పోయి గంజి నిగనిగలాడేదాకా తిప్పుతూ ఉడికించాలి. ఆ తర్వాతే పంచదార వేయాలి. ముందే పాకం పట్టి అందులో పిండి కలిపితే పిండి సరిగా ఉడకదు. పంచదార నీటిని పట్టేసుకుంటుంది, పిండికి ఉబ్బడానికి నీరు మిగలదు. అప్పుడు రక్తం పలచగా ఉండి అడుగున తెల్లగా పేరుకుంటుంది. పంచదార కరిగాక దించేయండి. తీగపాకం దాకా వెళ్లిందంటే చల్లారాక పిచికారీలోంచి రాదు.

కోకో పొడిని విడిగా గోరువెచ్చని నీళ్లలో ముద్ద చేసి కలపాలి, నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. దీన్ని చాలామంది మానేస్తారు, అక్కడే పని చెడుతుంది. పాకం, రంగు మాత్రమే ఉంటే అవతలి వస్తువు కనిపిస్తుంది, రోజ్ షర్బత్తు అని పట్టేస్తారు. అసలు రక్తంలోంచి అవతలివైపు కనిపించదు. కోకో ఆ మందం ఇస్తుంది, కాస్త గోధుమఛాయ కూడా. నీలం చుక్కలు నారింజ జీర తీసేస్తాయి. ఎక్కువైతే వంకాయరంగు వచ్చేస్తుంది, అందుకే చుక్క చుక్కగా.

రంగు కంటితో చూసి ఒప్పుకోవద్దు. తెల్ల పళ్లెంలో ఒక చెంచా పోసి, షూటింగ్ చేసే దీపం కిందే పెట్టి, అదే ఫోనులో చూడండి. ఫోన్లు ఎరుపుని ఎక్కువ చేసి చూపిస్తాయి. కంటికి సరిగ్గా ఉన్నది తెర మీద నెయిల్ పాలిష్‌లా మెరుస్తుంది. కంటికి కాస్త నల్లబడినట్టుంటేనే తెర మీద కుదురుతుంది.

చిక్కదనం రెండు రకాలుగా కావాలి. మొహం మీద, చెవి పక్క కారేదానికి పైన చెప్పినదే. చిమ్మేదానికి మూడు వంతుల రక్తంలో ఒక వంతు నీళ్లు కలపాలి. మాంసం ముక్కలకు మనం ముఢీ అనే మరమరాలు ఐదు నిమిషాలు రంగునీళ్లలో నానబెట్టి పిండండి. ఇసబ్‌గోల్ ఒక పెద్ద చెంచా 200 మిల్లీలీటర్ల రంగునీళ్లలో వేసి పదినిమిషాలు ఆగితే జిగురు గడ్డలు వస్తాయి. ఈ రెండూ కలిపితే దగ్గరి షాట్‌లో కూడా దొరకదు.

ఊరిని బట్టి కొలత కొంచెం మారుతుంది. బరంపురంలో సముద్రపు గాలి, ఉక్క. పాకం రక్తం ఎంతకీ ఆరదు, బొట్లు చొక్కా మీద జారుతూనే ఉంటాయి. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మరక ఆకారం మారిపోతుంది, కాబట్టి ప్రతి కట్ తర్వాత ఫొటో తీసి పెట్టుకోవాలి. కోరాపుట్‌లో చలికాలం పొద్దున్నే తీస్తే అదే రక్తం జామ్‌లా బిగుసుకుంటుంది. గిన్నెని వేడినీళ్ల పళ్లెంలో ఉంచి వాడండి. ఫ్రిజ్‌లో పెట్టినా పిండి బిగుస్తుంది, వెచ్చచేసి తిప్పితే మామూలవుతుంది. చిక్కటిది మూతపెట్టి ఫ్రిజ్‌లో వారం దాకా ఉంచుకోవచ్చు. నీళ్లు కలిపింది మాత్రం ఎండాకాలం బయట ఉంటే మర్నాటికే పులిసి నురగ కడుతుంది, దాన్ని పారబోయడమే.

వాడకూడనివి కూడా చెప్పాలి. పసుపు, సున్నం కలిపితే వచ్చే ఎర్రనీళ్లు రంగుకి భలే ఉంటాయి, ఖర్చూ లేదు. కానీ సున్నం కంట్లో పడితే కన్నే పోవచ్చు, మొహం మీద చిమ్మేదానికి దాని జోలికి వెళ్లొద్దు. కుంకుమ, హోలీ పొడులు ఇంతే, దురద, మంట. మటన్ కొట్టు నుంచి నిజం రక్తం తెద్దామనేవాడు ప్రతి గుంపులో ఒకడు ఉంటాడు. వాడికి గిన్నెలు కడిగే పని అప్పజెప్పండి.

ఎంత కావాలి? ఒక తలకి లోపలి పొట్లాలు రెండు, 200 చొప్పున 400 మిల్లీలీటర్లు. పిచికారీలు రెండు, 250 చొప్పున 500. చుట్టూ ఆరుగురి మీద 50 చొప్పున 300. బల్ల మీద, కాగితాల మీద 200. అంటే 1,400. రెండు టేకులకి 2,800, మూడు లీటర్లు కాచుకోండి. మూడో టేకుకి రక్తం ఉన్నా పొడి చొక్కాలు ఉండవు.

తల

బాణసంచా, గ్యాసు, గాలి బిగించిన సీసా, ఏదీ వద్దు. చిన్న టపాకాయే కదా అని పెట్టినా కాగితపు పెంకు, పుల్లముక్కలు పక్కవాడి కంట్లోకి వెళ్తాయి. లాగితే విడిపోయే తల చేయండి.

బుడగని మనిషి తలంత ఊది, మైదాజిగురుతో న్యూస్‌పేపరు ముక్కలు రెండే రెండు పొరలు అంటించండి. మూడో పొర వేస్తే గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది, ఉంటుంది కూడా, అందుకే పగలదు. నీడన పూర్తిగా ఆరనివ్వండి. వానాకాలం అయితే ఒక రోజుకి ఆరదు, ఫ్యాను కింద పెట్టాలి. ఆరాక బుడగ తీసేసి, పెంకుని నిలువునా నాలుగు ముక్కలుగా కోయండి. ప్రతి ముక్క లోపలివైపు ఐస్‌క్రీం పుల్ల అడ్డంగా అంటించి, దానికి గాలమేసే నైలాన్ దారం ముడేయండి. లోపల రక్తం పొట్లాలు రెండు, పలచటి పాలిథిన్‌వి, పైన నానిన మరమరాలు. పొట్లాల చుట్టూ ఇంకో దారం చుట్టి ముడేసి, దాని కొసని వెనక్కి లాగేదానికి కట్టండి. అది బిగిసినప్పుడు పొట్లం చిట్లుతుంది. ముక్కల్ని మళ్లీ కలిపి, కోతల మీద సన్నటి టిష్యూ కాగితం ఒక్క పొర అంటించి, పైన చర్మం రంగు, విగ్గు. జాతర వేషాలకి వాడే చవక విగ్గు సరిపోతుంది. మొహం గీయనక్కర్లేదు, కెమెరా వెనకనుంచో పక్కనుంచో చూస్తుంది, అదీ కన్నుమూసి తెరిచేలోపు.

బొమ్మ మొండేనికి సాక్షి వేసుకున్న కోటే వేసి, లోపల పాతగుడ్డలు కుక్కి, కుర్చీకి కట్టేయండి. నాలుగు దారాలు నాలుగు దిక్కులకి, ఫ్రేము బయట నలుగురు. లెక్కపెట్టేది ఒక్కరే. “మూడు, రెండు, ఒకటి” అని, “ఒకటి” మీద లాగాలా తర్వాత లాగాలా ముందే తేల్చుకోండి. ఎక్కువ టేకులు పాడయ్యేది ఇక్కడే. ముగ్గురు లాగి ఒకరు ఆలస్యమైతే తల పేలదు, టోపీ ఊడినట్టు పక్కకి పడుతుంది. రక్తం లేకుండా రెండుసార్లు ఉత్త పెంకుతో సాధన చేయించండి, అందుకోసం పెంకులు నాలుగు చేసుకోవాలి.

అదే క్షణంలో కుర్చీ వెనక నేల మీద కూర్చున్న ఇద్దరు పిచికారీలు పైకి కొడతారు. పైపు చివర సన్నరంధ్రం ఉంటే దారంలా వస్తుంది, నీళ్ల పంపులా ఉంటుంది. రంధ్రాన్ని కొద్దిగా పెద్దదిచేసి, ముందు గాజుగుడ్డ ముక్క కడితే చెదిరి పడుతుంది. పొలంలో మందు కొట్టే స్ప్రేయరు ఇంట్లో ఉంది కదా అని తేవొద్దు. ఎన్నిసార్లు కడిగినా గొట్టంలో పురుగుమందు మిగులుతుంది, అది మనుషుల నోట్లోకి వెళ్తుంది.

కెమెరా

ఫోను స్టాండు మీద బిగించాక సీను అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. లేకపోతే ఎర్రది తెర మీదకి రాగానే ఫోను తనంతట తాను వెలుతురు మార్చేస్తుంది, కట్ దొరికిపోతుంది. మొదట నటుడితో తీయండి. మైకు దగ్గరికి వంగి, “ఆ రోజు కంపెనీ వాళ్లు...” దగ్గర ఆగి కదలకుండా కూర్చోవాలి. తర్వాత అతన్ని లేపి, బొమ్మని అదే చోట, అదే భుజం ఎత్తులో కూర్చోబెట్టి తీయండి. పక్కన కూర్చున్నవాళ్లు మధ్యలో లేవకూడదు, చేతులు మార్చకూడదు. ఎడిటింగ్‌లో రెండు షాట్లూ ఒకదానిమీద ఒకటి సగం పలచన చేసి చూస్తే భుజాలు కలిశాయో లేదో తెలుస్తుంది.

ట్యూబులైటు కింద స్లో మోషన్ తీస్తే గీతలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేములో పూర్తి మినుకు పడుతుంది, గీత ఉండదు. సెకనుకి 120 ఫ్రేములు తీస్తుంటే షట్టరు 1/120 కంటే నెమ్మది కాలేదు, అందుకే తప్పించుకోలేరు. స్లో మోషన్ కావాలంటే కిటికీ పక్కన, పగటి వెలుతురులో తీయండి. నిజానికి ఈ సీన్‌కి స్లో మోషన్ అక్కర్లేదు. 25 ఫ్రేముల్లో పేలుడు ఆరేడు ఫ్రేముల్లో అయిపోవాలి, అంటే పావు సెకను. ఎక్కువసేపు చూపిస్తే కాగితం పెంకు కనపడుతుంది.

తర్వాత వచ్చే మొహాలకే సమయం ఇవ్వాలి. ఒక్కొక్కరి మొహం దగ్గరగా తీస్తూ, ఫ్రేము పక్కనుంచి గ్లాసులో 50 మిల్లీలీటర్లు చేతి విసురుతో కొట్టండి, భుజం ఎత్తునుంచి కిందకి కాదు, అడ్డంగా. రక్తం పడ్డాక అరవకూడదని నటులకి గట్టిగా చెప్పండి. మొదటి రెండు సెకన్లు నోరు తెరవకుండా కళ్లు మాత్రం మిటకరించాలి. ఒకరు చేత్తో తుడుచుకుని చెయ్యి చూసుకోవాలి. ఆ తర్వాతే అరుపు, అదీ దూరంనుంచి. ఈ గోలలో సూపర్‌హీరో కేపు మీది సిమెంటు ప్రకటనని తుడుచుకుంటుంటే ఒక షాట్ తప్పకుండా ఉంచండి.

శబ్దం

బొమ్మ ఎంత బాగున్నా శబ్దం లేకుంటే నమ్మరు. మూడు పొరలు విడివిడిగా రికార్డు చేయండి, గదిలో ఫ్యాను ఆపి, ఫోను జానెడు దూరంలో పెట్టి. విరిగే చప్పుడుకి పచ్చి కీరదోసకాయని తడిగుడ్డలో చుట్టి మెలితిప్పండి. గుద్దుకి నీళ్లలో ముంచిన తువ్వాలుని సిమెంటు నేల మీద కొట్టండి. చివరి జిగటకి ఇసబ్‌గోల్ గడ్డలు చేత్తో పిసకండి. విరుపు పేలుడు మొదటి ఫ్రేము మీదే పడాలి, ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు, మూడు ఫ్రేములు ఆలస్యమైనా కళ్లకి తెలిసిపోతుంది. దానికి ముందు అర సెకను ఫ్యాను హోరు, మైకు గీపెట్టడం ఉంచి, పేలాక అన్నీ తీసేసి మైకు కూత ఒక్కటే మిగల్చండి.

ఒళ్లు, గది, ఊరు

ముందురోజు రాత్రి రక్తం చుక్క మోచేతి లోపల రాసుకుని పొద్దున చూసుకోవాలి, దద్దు వచ్చినవాళ్లని ఫ్రేములోంచి తప్పించండి. షూటింగ్‌కి ముందు మెడ, చెవులకి కొబ్బరినూనె పలచగా రాస్తే రంగు పట్టుకోదు. కంట్లో పడితే మంచినీళ్లతో కడగడం తప్ప ఇంకేమీ చేయొద్దు. పిచికారీ కొట్టేవాళ్లకి కళ్లజోడు తప్పనిసరి. చొక్కాలు పాలిస్టర్ కలిసినవి కొనండి, ఉతికితే దాదాపు పోతుంది. నూలు చొక్కా అయితే ఆశ వదులుకోండి. నేల మీద టార్పాలిన్ వేస్తే పాకం పడ్డాక జారుడుబల్లే, ఫ్రేము బయట దాని మీద గోనెసంచులు పరవండి. పని అయ్యాక ఊరికే తుడిస్తే సాయంత్రానికి చీమల బారు వచ్చేస్తుంది, సబ్బునీళ్లతో రెండుసార్లు కడగాలి.

పక్కింటివాళ్లకి, దగ్గరి పోలీసు ఔట్‌పోస్టుకి ముందే చెప్పండి. రక్తం చొక్కాతో బయటికొచ్చి టీ తాగడం, బండెక్కి ఇంటికెళ్లడం కుదరదు. ఎవరో ఒకరు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, పర్లాకిమిడిలో తీసినది పాతపట్నంలో హత్యవార్త అయి తిరుగుతుంది. సెట్‌లో స్టేటస్ పెట్టే అలవాటున్నవాళ్ల ఫోన్లు సాయంత్రం దాకా ఒక సంచీలో వేసి ఉంచండి.

యూట్యూబులో పెట్టేటప్పుడు థంబ్‌నెయిల్‌లో పేలిన తల వద్దు, రక్తం పడ్డ ఒక మొహం చాలు. పద్దెనిమిదేళ్ల వయసు పరిమితి మీరే పెట్టండి, మొదట్లో పాత్రలు కల్పితం అని తెలుగులోనూ ఒడియాలోనూ ఒక కార్డు ఐదు సెకన్లు వేయండి.